తడిబట్టల సాక్ష్యం

గ్రీమ్స్‌పేటలో మా పాల సంఘం ఆఫీసు.
మేడమీద మూడు కంప్యూటర్లు, ఒక బీరువా,
చెంగల్రాయులన్న.

ఇరవైరెండేండ్లు అన్నీ ఆయనే.
పాలుపోసేవాళ్ళ ఖాతాలు ఎక్కించేది ఆయన,
వెన్న శాతం చూసి రేటు కట్టేది ఆయన,
పదైదు దినాలకొకసారి
బ్యాంకుకు దుడ్డు పంపేదీ ఆయనే.
పంపినాక సరిపోయిందా అని చూసుకునేది కూడా,
కండ్లద్దాలు తుడుచుకోని, ఆయనే.

"అన్న ఉంటే చాలు" అనేవాడు ప్రెసిడెంటు.
ఆ మాటను మేమంతా మెప్పు అనుకున్నాము.

చేరిన కొత్తలో అడిగినాను:
"అన్నా, నీకు జరమొస్తే?"
"నాకు జరం రాదు మేయ్" అని నవ్వినాడు.
పాస్‌వర్డు ఆయన కూతురి పేరు, పుట్టిన ఏడు.
టీ తెచ్చే పిల్లోడికి కూడా తెలుసు.

తోతాపురి లారీలు బైపాసు పొడుగునా
వరసకట్టి నిలబడిన వారంలో
ఇరాళ నుంచి కుప్పమ్మ వచ్చింది, చేతిలో పాలపుస్తకం.
"రెండు పొద్దులూ పోసినా కదా చెంగల్రాయా,
ఒక పొద్దు దుడ్డే పడిందేమి?"
ఆమె వెనక ఇంకో ఇద్దరు.
సాయంత్రానికి పదకొండు మంది.
తెల్లారేసరికి లెక్క తేలింది.
నాలుగు లక్షల పదారువేలు
మేమెరగని ఖాతాల్లోకి పోయినాయి.
మారిన ప్రతి అంకె పక్కనా ఒకటే పేరు.
చెంగల్రాయులు. చెంగల్రాయులు. చెంగల్రాయులు.

ఆయన తియ్యలేదు.
నాకు తెలుసు. ఎట్ల తెలుసంటే చెప్పలేను.
సగం కాల్చి చెవిలో దాచుకునే బీడీ,
కుప్పమ్మకు జేబులోంచి తీసిచ్చిన రెండొందలు,
ఇవేవీ ఆడిటరు కాగితంలో పట్టవు.
ఆయన అడిగింది ఒకటే:
"ఈ పని ఇంకెవరు చేయగలరు?"
ఎవరూ చేయలేరని
ఇరవైరెండేండ్లుగా మేమే చెప్తా వచ్చినాము.

"చిట్టా చూడండి సార్, ఏ టైములో జరిగిందో."
"చిట్టా చెరిపే అధికారం ఎవరికుంది?"
అన్నకే.
ఆయన మంచితనానికి సాక్షి చెప్పాల్సిన పుస్తకం
ఆయన చేతికిందే ఉండింది.
చెరపలేదని దేన్ని చూపిస్తాడు?

మంగళవారం తెల్లారుజామున
కాణిపాకం పోయినాడు.
నెత్తిన నీళ్ళు పోసుకోని, తడిపంచెతో నిలబడి
"నేను ముట్టుకోలేదు స్వామీ" అని ప్రమాణం చేసినాడు.
ప్రెసిడెంటు నమ్మినాడు. కుప్పమ్మ ఏడ్చింది.
ఆడిటరు తల వంచుకోని రాసుకున్నాడు:
ఆధారం లేదు.

పంచె నుంచి నీళ్ళు కారిన మెట్టు పక్కన
నాకు కోపం వచ్చింది.
దేవుడి మీద కాదు.
దొరకని ఆ దొంగ మీద కూడా అంతగా కాదు.
నమ్మకమని పేరు పెట్టి
ఒక మనిషి పక్కన ఇంకో మనిషి లేకుండా చేసిన
మా మీద.

మా నాయన బెల్లం మండీలో పనిచేసినాడు.
కాటా పట్టేవాడు చీటీ రాయడు, అది అక్కడి కట్టుబాటు.
ఎందుకని అడిగితే
"రేపు ఎవురన్నా అడిగితే, నా మాట
వాడు చెప్తాడు" అన్నాడు.
అప్పుడు నాకు అర్థం కాలా.

ఇప్పుడు ఖాతాలు ఎక్కించేది నేను.
దుడ్డు వదిలేది షబానా.
చిట్టా తిరుపతి పెద్దాఫీసులో,
మా ఇద్దరి చేతులూ అందని చోట.
షబానా టిఫినుకు పోతే
కుప్పమ్మ అరగంట కూర్చోవాల,
"ఒక్కడున్నప్పుడే సులువుగా ఉండె" అని తిడతాది.
తిట్టనీ.

అన్న ఇరాళ సెంటర్లో వెన్న చూస్తాడు.
అంకె పలుకుతాడు, రాసేది ఇంకొకరు.
"ఇది నయం మేయ్" అన్నాడు ఒకసారి.
ఇంకేమీ అనలేదు.

మొన్న నిద్రమత్తులో
ఒక సున్నా ఎక్కువ కొట్టినాను.
అవతల గదిలోంచి షబానా:
"అక్కా, కుప్పమ్మది ఆవా, ఏనుగా?"

నవ్వుకున్నాము. సరిదిద్దినాను.
తెరమీద నా పేరు, దాని పక్కనే ఆమె పేరు.

పొడిబట్టలతో ఇంటికి పోయినాను.